బుడగ పుట్టే చోటు

పొద్దున ఎనిమిదింటికి మొదటి చిప్పును మైక్రోస్కోపు కింద అమర్చి, ఆమె కళ్ళజోడు తీసి కోటు జేబులో వేసుకుంది. ఆ అద్దాలు సీసా అడుగుల్లా మందంగా ఉండేవి. అందుకే గేటు మనిషి నుంచి మేనేజరు దాకా ఫ్యాక్టరీలో అందరూ ఆమెను 'కళ్ళజోడు' అనే పిలిచేవారు. జోడు లేకపోతే ఎదురుగా వస్తున్న బస్సు నంబరు కూడా కనిపించని మనిషి, ఇక్కడ మాత్రం జోడు తీసేసి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉండే చుక్కల్ని లెక్కపెట్టేది. ఆరేళ్ళుగా అదే ఆమె పని.

కింద వెలుతురులో పలుచటి రాతి పొర కనిపించింది. దాని నిండా నలుపూ తెలుపూ చారలు వేలిముద్రలోలా మెలికలు తిరిగి ఉన్నాయి. ఆమె కుడిచేత్తో మర తిప్పి, చిప్పు చుట్టూ ఉన్న అయస్కాంతం బలం పెంచింది. నల్ల చారలు సన్నబడ్డాయి, పొట్టివయ్యాయి, చివరికి గుండ్రటి చుక్కలైపోయాయి. వాటినే బుడగలంటారు. వాటిలో గాలీ ఉండదు, నీరూ ఉండదు. పొరంతా ఒకవైపు తలపెట్టి పడుకుని ఉంటే, ఆ చుక్కంత చోట మాత్రం అయస్కాంతం తలకిందులుగా ఉంటుంది, అంతే. మర ఇంకాస్త తిప్పితే ఆ చుక్కలు కూడా ఒక్కొక్కటే టప్పున మాయమయ్యాయి. పొర శుభ్రమైపోయింది. మళ్ళీ మర వెనక్కి తిప్పి గుర్తు దగ్గర ఆపింది. ఇప్పుడు అసలు పని.

చిప్పు మీద ఒకచోట జడపిన్నులా వంగిన సన్నటి లోహపు దారి ఉంటుంది. మీట నొక్కితే ఆ దారిలోంచి కన్ను మూసి తెరిచేంతలో లక్షో వంతు సేపు కరెంటు పోతుంది. ఫ్యాక్టరీలో దాన్ని 'దెబ్బ' అనేవారు. దెబ్బ తగిలితే ఆ పిన్ను వంపులో ఒక కొత్త బుడగ పుట్టాలి. ఇరవై దెబ్బలకి ఇరవై బుడగలు పుడితే చిప్పుకి పచ్చ చుక్క. ఒక్కటి తగ్గినా ఎర్ర చుక్క.

ఆమె మీట నొక్కింది. ఏమీ పుట్టలేదు. మళ్ళీ నొక్కింది. లేదు. మూడోసారికి వంపులో నల్లటి చుక్క ఒకటి, అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నట్టు, నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంది. ఇరవై దెబ్బలయ్యేసరికి నాలుగే బుడగలు. ఆమె కలం తీసి చిప్పు మూల మీద ఎర్ర చుక్క పెట్టింది. చేతివేళ్ళు కొంకర్లు పోతుంటే ఒకసారి నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది.

పది గంటలయ్యేసరికి ట్రేలో పన్నెండు చిప్పులకీ ఎర్ర చుక్కలే పడ్డాయి.

సూపర్‌వైజరు వచ్చి ఆమె భుజం మీదుగా కాగితం చూశాడు.

"మళ్ళీ ఆవిడ ట్రేనేనా?"

"ఆవిడదే సార్," అంది ఆమె తల ఎత్తకుండానే. అప్పటికే తరవాతి ట్రే కోసం చేయి చాపింది.

ఆవిడంటే తీగల వదిన. పక్కగదిలో చిప్పులకి బంగారు తీగలు అతికే పని ఆవిడది. ఒక్కో చిప్పుకి పన్నెండు తీగలు. వెంట్రుక కన్నా సన్నటి తీగను సూదిమొన మీదుగా తెచ్చి, చిప్పు అంచున ఉన్న గళ్ళ మీద ఒత్తి అతికించాలి. వయసులో ఆవిడే అందరికన్నా పెద్ద కాబట్టి అందరికీ వదిన. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుంది. ఆవిడ పక్కన ఇంకో అమ్మాయి కూడా అదే పని చేసేది. చేతులు చురుగ్గా కదుపుతుందని ఆ పిల్లని తూనీగ అనేవారు. మూడు వారాలుగా తూనీగ ట్రేలన్నీ పచ్చగా వస్తున్నాయి. వదిన ట్రేలు ఎర్రబడుతున్నాయి.

రెండు గదుల మధ్య అద్దపు గోడ. పదింటికి వదిన డ్యూటీలోకి రాగానే సూపర్‌వైజరు ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళడం కళ్ళజోడుకి మసకగా కనిపించింది. తలుపు ఓరగా తెరిచి ఉండటంతో మాటలు కూడా వినిపించాయి.

"నీ అతుకులు గట్టిగా పడట్లేదమ్మా. కరెంటు లోపలికి పోవట్లేదు. పోకపోతే బుడగ ఎలా పుడుతుంది?"

వదిన టోపీలోకి జుట్టు దోపుకుంటూ, "లాగి చూడండి సార్," అంది. "ఏ తీగైనా సరే, మీ ఇష్టమొచ్చినది పట్టి లాగండి."

బల్ల మీద తీగల బలం చూసే చిన్న కొక్కెం ఉంది. అతను దాంతో ఒక తీగ లాగాడు. "తీగ మధ్యలో తెగింది, అతుకు ఊడలేదు చూడండి," అంది వదిన. ఇంకోటి లాగాడు. అదీ అంతే.

"పట్టుకుని ఉండటం వేరు, కరెంటు పోవడం వేరు," అన్నాడతను కొక్కెం పక్కన పెడుతూ. "నేను చెప్పట్లేదు, లెక్క చెప్తోంది. వయసు మీద పడితే ఎవరికైనా చేయి వణుకుతుంది. అందులో తప్పేం లేదు. ఈ శనివారం దాకా చూస్తాను. ఆ తరవాత నువ్వు కడిగే సెక్షన్లోకి వెళ్ళాల్సిందే."

కడిగే సెక్షనంటే యాసిడ్ తొట్లు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, రోజంతా గాజు పాత్రలు ముంచి తీయడం. అక్కడికి పంపిన వాళ్ళు మూణ్ణెల్లకు మించి ఉండరని, వాళ్ళంతట వాళ్ళే మానేస్తారని అందరికీ తెలుసు.

వదిన రెండు చేతులూ ముందుకి చాచి, వేళ్ళు విడదీసి, అలాగే పట్టుకుంది. అతను చూడాలనేమో. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు. అద్దం ఇవతల నుంచి చూస్తున్నది కళ్ళజోడు ఒక్కతే. జోడు జేబులో ఉండటంతో ఆ వేళ్ళు వణుకుతున్నాయో లేదో ఆమెకు కనిపించలేదు.

*

మర్నాడు బుధవారం మధ్యాహ్నం ఒక పొరపాటు జరిగింది. తూనీగ పొద్దున ఆరింటికి వచ్చి పన్నెండుకల్లా వెళ్ళిపోయేది. వెళ్తూ వెళ్తూ తన ట్రే పరీక్ష గదిలో పెట్టిపోయేది. ఆ ట్రేలోంచి చిప్పు తీసుకోబోయి, మాటల్లో పడి, పక్కనున్న ఎర్ర చుక్కల ట్రేలోంచి తీసింది కళ్ళజోడు. మైక్రోస్కోపు కింద పెట్టి, మర తిప్పి, మీట నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నొక్కిన ప్రతిసారీ బుడగ పుట్టింది. ఇరవైకి ఇరవై. పచ్చ కలం తీసి చుక్క పెట్టబోతే, అక్కడ అప్పటికే ఎర్ర చుక్క ఉంది. తన చేత్తో పెట్టినదే.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ చుక్కను చూసింది. తీసి మళ్ళీ చూసింది. కాగితం వెతికింది. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ చిప్పు ఇరవైకి ఆరు బుడగలే ఇచ్చినట్టు తన రాతే ఉంది.

ఒక్కసారి పరీక్షించిన చిప్పును మళ్ళీ పరీక్షించకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆమె ఆ రాత వైపు వీపు పెట్టి, ఎర్ర ట్రేలోంచి ఇంకోటి తీసింది. ఇరవై. ఇంకోటి. పంతొమ్మిది. ఆరేళ్ళలో లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. ఇప్పుడు ఎవరో అనక్కర్లేకుండా తనకి తానే దొరికిపోయినట్టనిపించింది.

సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతున్నా ఆ చుక్కలే కళ్ళముందు తిరిగాయి. భర్తది ఆ వారం రెండో షిఫ్టు. ఎదురుగా మామగారు కుర్చీలో కూర్చుని రేడియో గొంతు తగ్గించాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేశాడు. కోడలి ఉద్యోగం సంగతంటే ఆయనకి తగని ఆసక్తి. రోజూ ఏదో ఒక ప్రశ్న సిద్ధంగా పెట్టుకునేవాడు.

"అమ్మాయ్, నాకు ఇవాళ తట్టింది. బుడగ ఉన్న చోటు మనిషి కూర్చున్న సీటు, లేని చోటు ఖాళీ సీటు. కంప్యూటరు వచ్చి ఏ సీట్లో ఉన్నారో, ఏ సీట్లో లేరో చూసుకుంటుంది. అదే జ్ఞాపకం. అవునా?"

"అవును మామయ్యా, అంతే."

"బస్సు కదులుతున్నా మనుషుల వరస మారదు."

"మారదు. కరెంటు పోయినా ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుంటారు. అదే దాని గొప్ప."

"భలే బుద్ధిమంతులు. నా బస్సులో ఒక్కడూ అలా కూర్చోలేదు," అని నవ్వి, వెంటనే మళ్ళీ ముందుకి వంగాడు. "మరి మొదటి స్టాపులో వీళ్ళని ఎక్కించేదెవరు? అసలు ఎక్కడి నుంచి వస్తారు?"

"ఎక్కడి నుంచీ రారు. దెబ్బ తగిలిన చోటే పుడతారు." ఆమె కత్తి ఆపింది. "పుట్టాలి. ఇప్పుడదే తేడా కొట్టింది."

సంగతంతా చెప్పింది. పొద్దున చచ్చిన చిప్పులు మధ్యాహ్నానికి బతకడం, వదినకి శనివారం గడువు పెట్టడం. మామగారు రేడియో పూర్తిగా కట్టేశాడు.

"ఒక ఏడాది నా మీద రిపోర్టు రాశారు," అన్నాడు. "నా బస్సులో జనం ఎక్కట్లేదని. నేను విసుక్కుంటానని, అందుకే జనం వేరే బస్సుకి పోతున్నారని. నిజమేంటంటే తెల్లవారుజాము ట్రిప్పు నాకు వేశారు. పదింటి ట్రిప్పు ఇంకొకతనిది. నా మొహం చూశారుగానీ గడియారం ఎవడూ చూడలేదు."

ఆమె తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోస్తూ తోస్తూ ఆగిపోయింది. తూనీగ పన్నెండుకి ట్రే పెట్టి వెళ్తుంది. వదిన పదింటికొచ్చి ఆరింటి దాకా చేస్తుంది. అప్పటికి పరీక్ష గది తాళం వేసి ఉంటుంది కాబట్టి ఆవిడ ట్రే తలుపు పక్క కిటికీలోంచి లోపలి బల్ల మీదికి చేరుతుంది. మర్నాడు పొద్దున్నే తను మొదట తీసేది ఆ ట్రేనే. ఎప్పుడూ ఆ ట్రేనే.

"మాడుతోందేమో చూడమ్మా," అన్నాడు మామగారు పొయ్యి వైపు చూపిస్తూ.

*

గురువారం ఆమె గంటన్నర ముందుగా ఫ్యాక్టరీకి వెళ్ళింది. గేటు మనిషి ఆవలిస్తూ, "ఏం కళ్ళజోడూ, గడియారం తప్పు చూశావా?" అన్నాడు.

పరీక్ష గది తలుపు తీయగానే చలి మొహానికి కొట్టింది. మూడు వారాల కిందట ఈ గదిలో కొత్త లెక్కల యంత్రం పెట్టారు. దానికి వేడి పడదని ఒక పెద్ద ఏసీ కూడా బిగించారు. రాత్రంతా ఆపకూడదని ఆర్డరు. పగలు మనుషులు వస్తూ పోతూ ఉంటారు, దీపాలు వెలుగుతాయి, యంత్రం కాగుతుంది, మధ్యాహ్నానికి గది మామూలుగా అయిపోతుంది. రోజూ పొద్దున వేళ్ళు ఊదుకుంటూనే ఉంది తను. ఊదుకుంటూనే ఎర్ర చుక్కలు పెట్టింది.

ఆమె వదిన ట్రేలోంచి ఒక చిప్పు, నిన్న పచ్చ చుక్క పడిన తూనీగ చిప్పు ఒకటి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది. ముందు వదినది. ఇరవైకి మూడు. తరవాత తూనీగది. మీట నొక్కుతుంటే ఆమెకు తెలియకుండానే పెదవులు కదిలాయి. ఒకటీ రాలేదు, రెండూ రాలేదు. అయిదో దెబ్బకి ఒక బుడగ. ఇరవైకి నాలుగు.

పచ్చ చుక్క చిప్పే. తూనీగ అతికినదే. ఇరవైకి నాలుగు.

తొమ్మిదింటికి రెండూ మళ్ళీ చూసింది. ఏడు, ఎనిమిది. పదింటికి పన్నెండు, పదకొండు. పదకొండింటికి రెండూ పద్దెనిమిది. మధ్యలో రోజువారీ ట్రేల పని కూడా చేస్తూనే ఉంది కానీ ఏ చిప్పుకీ చుక్క పెట్టలేదు. చేయి రాలేదు. చిన్న బల్లదీపం తెచ్చి ఒక చిప్పు మీదికి వంచి, పావుగంట అలాగే ఉంచి చూసింది. ఇరవైకి ఇరవై. దీపం తీసేసి, చల్లటి ఇనుప దిమ్మ మీద పది నిమిషాలు పెట్టింది. మళ్ళీ తొమ్మిది బుడగలకి పడిపోయింది.

భయం పోయి ఆమెకు ఇంకేదో పట్టుకుంది. ఆరేళ్ళుగా పుట్టాయా లేదా అనే చూసింది గానీ, ఎలా పుడతాయో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వంపు మీద నుంచి కన్ను తీయకుండా మీట నొక్కుతూ కూర్చుంది. పొర చల్లగా ఉన్నప్పుడు మొండికేసింది. లోపల ఏదో గట్టిగా పట్టుకుని, దెబ్బ తగిలినా తల తిప్పనని కూర్చుంది. కాస్త వెచ్చబడితే అదే దెబ్బకి మెత్తబడి తిరగబడింది. వేడెక్కువైతే? దీపాన్ని ఇంకా దగ్గరగా వంచి చూసింది. ఒక దెబ్బకి రెండు బుడగలు పుట్టాయి. ఆమె ఫక్కున నవ్వేసింది.

"ఏంటి సంబరం?"

సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బల్ల మీద చుక్కలు లేని ట్రేలు, దీపం, ఇనుప దిమ్మ, పచ్చ చిప్పు, దాని పక్కన వదిన చిప్పు.

ఆమె కాగితం ఇచ్చి చెప్పడం మొదలుపెట్టింది. గబగబా చెప్పడంలో చివర నుంచి మొదటికి వచ్చింది. అతను సగంలోనే చేయి ఎత్తాడు.

"మళ్ళీ పరీక్షించకూడదని గోడ మీద రాసుంది. చదివావా?"

"చదివాను సార్. కానీ గది చల్లగా..."

"గది చల్లగా ఉంటే తూనీగ ట్రేలు ఎందుకు పాసవుతున్నాయి?"

"అవి మధ్యాహ్నం చూస్తున్నాం సార్. పొద్దున చూస్తే..."

"చూడమ్మా, నీ పని లెక్కపెట్టడం. ఎందుకు, ఏమిటి అనేది పైవాళ్ళ పని. ఇవాళ చుక్కలు పడకపోతే రేపటి బండికి చిప్పులు బిగించిన పెట్టెలు వెళ్ళవు. ఆ మాట నేను పడాలి." అతని గొంతులో కోపం కన్నా ఆయాసమే ఎక్కువగా ఉంది. "వదిన మంచిదే. నాకూ తెలుసు. కానీ ఆవిడ మీద జాలితో నువ్వు లెక్కలు మార్చకు."

ఆ చివరి మాట ఆమెకు చురుక్కుమంది. జాలి పడలేదు తను. నిజం చెప్పాలంటే బుధవారం దాకా వదిన గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

*

ఇంజనీరు గది మూడో అంతస్తులో ఉండేది. కింది గదుల వాళ్ళెవరూ పిలవకుండా అక్కడికి వెళ్ళరు. చిప్పు మీద ఆ జడపిన్ను వంపు గీసింది ఆయనే. పేపరు మీద తల వంచుకుని గీతలు గీస్తూ ఉండే సన్నటి మనిషి, ఎవరైనా వస్తే ముందు పెన్సిలు ఎక్కడ పెట్టాలో తెలియక కంగారుపడేవాడు. గురువారం సాయంత్రం కళ్ళజోడు ఆ గది తలుపు తట్టింది. ఈసారి మొదటి నుంచి చివరికి చెప్పింది. ఆయన కాగితంలో అంకెలు చూశాడు, అడ్డంగా చూశాడు, నిలువుగా చూశాడు.

"రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగాడు.

శుక్రవారం ఏడింటికే వచ్చాడు, మెడకి మఫ్లరు చుట్టుకుని. ఒక థర్మామీటరు తెచ్చి చిప్పు దిమ్మకి ఆనించి కట్టాడు. ఆమెను లేపకుండా పక్కన ఇంకో కంటిగొట్టం ఉన్న చోట కూర్చున్నాడు. ఆమె నొక్కుతుంటే ఆయన చూశాడు. ఒక్కోసారి ఆయన నొక్కితే ఆమె చూసింది. గంటకోసారి అంకె, దాని పక్కన వేడి. పదకొండింటి దాకా ఇద్దరూ లేవలేదు. మధ్యలో సూపర్‌వైజరు వచ్చి, "సార్, మీరెందుకు..." అని మొదలుపెట్టి, ఎవరూ తల ఎత్తకపోవడంతో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత అందంగా ఉంది!" అన్నాడు ఇంజనీరు ఒకసారి, రాసుకున్న అంకెల్ని చూస్తూ. "గీత గీసినట్టు పెరుగుతోంది చూడండి. నేను కాగితం మీద లెక్కకట్టిందే. ఇలా కళ్ళతో చూడలేదు."

అంతలోనే ఆయన మొహం మారింది. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ పెట్టెలు ఎక్కడికి వెళ్తున్నాయి?" అని సూపర్‌వైజర్ని అడిగాడు.

"వాతావరణ కేంద్రాలకి సార్. కొండల మీద పెడతారట. గాలి, వాన అన్నీ అందులో నమోదవుతాయట."

"కొండల మీద ఎంత చలి ఉంటుంది?"

కళ్ళజోడు థర్మామీటరు వైపు చూసింది.

"అయితే ఎర్ర చుక్కలు తప్పు కాదు సార్," అంది నెమ్మదిగా. "పచ్చ చుక్కలే తప్పు."

ఆమె వచ్చింది వదిన చిప్పులు మంచివని చెప్పడానికి. అవి మంచివి కావు. ఏ చిప్పూ మంచిది కాదు. వదిన ట్రేలు చలిలో పరీక్షకి నిలబడ్డాయి కాబట్టి ఉన్నమాట చెప్పాయి. తూనీగ ట్రేలు మధ్యాహ్నపు వెచ్చదనంలో తప్పించుకుని, పచ్చ చుక్కలతో బండెక్కాయి. ఏసీ రాకముందు వెళ్ళినవన్నీ అలా వెళ్ళినవే.

"అతుకుల తప్పు కాదు," అన్నాడు ఇంజనీరు. గొంతు సర్దుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి సూపర్‌వైజరుతో. "దెబ్బ చాలట్లేదు. ఎంత కరెంటు పెట్టాలో రాసిచ్చింది నేను. ఎండాకాలంలో, పై గదిలో కూర్చుని రాసిచ్చాను. తప్పు నాది."

సూపర్‌వైజరు కట్టుకున్న చేతులు విప్పాడు. వాటిని ఏం చేయాలో తెలియనట్టు, బల్ల మీదున్న ఎర్ర ట్రేని అటు నుంచి ఇటు జరిపాడు.

"పెట్టెలు ఎన్ని వెళ్ళాయి?"

"రెండొందల పైనే సార్."

"ఇవాళ్టి బండి ఆపండి. వెళ్ళినవి వెనక్కి తెప్పించాలి," అని ఇంజనీరు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "రిపోర్టు మీరే రాయండి," అన్నాడు కళ్ళజోడుతో. "అంకెలు మీవి. కింద నేను సంతకం పెడతాను."

*

శనివారం పదింటికి వదిన వచ్చి ఎప్పట్లాగే టోపీ పెట్టుకుని తన కుర్చీలో కూర్చుంది. శుక్రవారం ఫ్యాక్టరీ అంతా గుప్పుమన్న సంగతి ఆవిడకీ తెలిసే ఉంటుంది. సూపర్‌వైజరు ఆవిడ బల్ల పక్క నుంచి రెండుసార్లు వెళ్ళాడు. రెండోసారి ఆగి, "కుర్చీ సరిగ్గా ఉందా, మార్పించనా?" అని అడిగాడు. "ఉంది సార్," అంది ఆవిడ.

టీ విరామంలో గదులు ఖాళీ అయ్యాక కళ్ళజోడు తలుపు తోసుకుని అటువైపు వెళ్ళింది. ఆరేళ్ళలో ఆ గదిలోకి నాలుగైదుసార్లు వచ్చి ఉంటుందేమో. వదిన సూదిమొనలోకి కొత్త తీగ ఎక్కిస్తోంది. ఆ తీగ కనిపించలేదు, వేళ్ళు మాత్రం కనిపించాయి. పట్టుకోవడమే తెలియనంత తేలిగ్గా దేన్నో పట్టుకున్నాయి. ఏ మాత్రం వణకట్లేదు.

"వదినా," అంది. "ఇంక మిమ్మల్ని ఎక్కడికీ పంపరు."

"తెలిసింది. నువ్వే పైకి వెళ్ళి చెప్పావట కదా."

"అవును."

వదిన తీగ ఎక్కించి, సూది దించి, అప్పుడు ఆమె వైపు తిరిగింది. "ఎర్ర చుక్కలు పెట్టింది కూడా నువ్వే కదమ్మా?"

ఆ ప్రశ్నలో వేడి లేదు. ట్రే నంబరు అడిగినట్టు అడిగింది. కళ్ళజోడు దగ్గర ఎన్నో జవాబులున్నాయి. అవి నిజంగా ఎర్రవే అని చెప్పొచ్చు. ఇచ్చిన కొలత ప్రకారమే చేశానని చెప్పొచ్చు.

"నేనే," అంది. "ఆవిడదే సార్ అని కూడా నేనే అన్నాను. ప్రతిసారీ."

వదిన తల ఊపింది. ఒక పని పూర్తయినట్టు చేతులు తుడుచుకుని లేచింది.

"ఆ బుడగేంటో నాకు చూపిస్తావా? తొమ్మిదేళ్ళుగా దానికి తీగలు కడుతున్నాను. దాని మొహం ఎలా ఉంటుందో చూసిన పాపాన పోలేదు."

ఇద్దరూ పరీక్ష గదిలోకి వచ్చారు. ఇంజనీరు పొద్దున్నే దెబ్బ బలం పెంచి, కరెంటు మీటకి కొత్త గుర్తు పెట్టి వెళ్ళాడు. గది ఇంకా చల్లగానే ఉంది. కళ్ళజోడు ఒక చిప్పు అమర్చి, మర తిప్పి, పొరను శుభ్రం చేసి, కుర్చీ వదిలింది. వదిన వంగి కంటిగొట్టంలోకి చూసింది. ముక్కు అడ్డం వచ్చి, తల అటూ ఇటూ తిప్పి, చివరికి కుదుర్చుకుంది.

"ఇప్పుడు ఈ మీట నొక్కండి."

వదిన నొక్కింది.

"అయ్యో! వచ్చింది!" అని చటుక్కున తల ఎత్తి, పైన గాల్లో ఉందేమోనన్నట్టు చూసి, మళ్ళీ వంగింది. "ఇంతేనా? ఆవగింజలో ఆవగింజలా ఉంది." మళ్ళీ నొక్కింది. మళ్ళీ. లోపల్లోపల లెక్కపెట్టుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. ఇరవై దాటినా ఆపలేదు. ఒక్క దెబ్బ కూడా వృథా పోలేదు.

"మరి నా తీగ ఏది?" అని అడిగింది కాసేపటికి.

"ఇక్కడ కనిపించదు వదినా. అది చిప్పు అంచున కదా. ఇది మధ్యలో ఉంటుంది."

"అయితే అంచుకి పోనీ."

అంచుకి పోవడానికి పక్కనున్న మర రెండు చుట్లు తిప్పితే చాలు. కళ్ళజోడు చేయి దాని మీదికి వెళ్ళి ఒక్క క్షణం తడబడింది. పిన్ను వంపును మధ్యకి తెచ్చుకోవడానికి రోజూ ఆ మరను కాస్త అటూ ఇటూ జరిపేది గానీ, అంచు దాకా ఎప్పుడూ తిప్పలేదు. చుక్క పెట్టడానికి అవసరం పడలేదు. అతుకులు మంచివో కావో అందరూ అడిగిన మూడు వారాల్లో కూడా, చూద్దామని ఆమెకు తోచలేదు.

తిప్పింది. వదిన పక్కకి జరిగి, "ముందు నువ్వు సరిచెయ్యి, నాకంతా మసకగా ఉంది," అంది. కళ్ళజోడు వంగి, మసక పోయేదాకా నెమ్మదిగా గొట్టాన్ని కిందికి దించింది.

నల్లటి పొర అంచున బంగారం మెరిసింది. పన్నెండు తీగలు, పన్నెండు గళ్ళు. ప్రతి తీగా గడి మధ్యకి వచ్చి, చిన్న పాదం మోపినట్టు చదునుగా ఒత్తుకుని, అక్కడి నుంచి ఒకే ఎత్తున విల్లులా లేచి బయటికి పోయింది. ఒకదాని పక్కన ఒకటి, ఒకే వంపు, ఒకే ఒత్తు. ఆమె కన్ను తీయలేకపోయింది.

"ఎడమ నుంచి మూడోది చూడు," అంది వదిన ఆమె వెనక నుంచి. "కొంచెం పక్కకి పోయుంటుంది. అది అతికేటప్పుడు తుమ్మొచ్చింది."

ఎడమ నుంచి మూడోది నిజంగానే గడి మధ్యలో లేదు. వెంట్రుకవాసి కుడికి జరిగి ఉంది.